నేలను చదువు విద్య

ఏటేట వేసవికాలమున మన వాస్తుకళాశాలలనుండి అయిదేండ్ల చదువు ముగించుకొని యువతీయువకులు వెలుపలికి వచ్చుచున్నారు. వీరిలో పైచదువు కోరువారి యెదుట నాలుగైదు త్రోవలు గలవు. నగరనిర్మాణశాస్త్రము కొందరిని, కట్టడపు పనుల నిర్వహణము కొందరిని, పురాతన భవనముల సంరక్షణము మరికొందరిని ఆకర్షించుచున్నవి. తక్కువమంది తలంచునది, తలంచినను ఇంటివారు ప్రోత్సహింపనిది యొకటి వీనిలో కలదు. దానిని ల్యాండ్‌స్కేపు ఆర్కిటెక్చరని యందురు. "అయిదేండ్లు ఇండ్లు కట్టుట నేర్చినావు, ఇక రెండేండ్లు తోటపని నేర్తువా?" యని తండ్రి యడుగును. ఇందు తండ్రిని దప్పుపట్ట బనిలేదు. ఆయన కంటబడినదంతయు హోటలు ముంగిట గత్తిరించిన పచ్చిక, అపార్టుమెంటు ద్వారమున నిలిపిన రెండు ఖర్జూరపు చెట్లు, రోడ్డు నడుమ సిమెంటు తొట్టెలలోని పూలమొక్కలు. ఈమాత్రమునకు విశ్వవిద్యాలయపు పట్టమేల యని యాయనకు దోచుట సహజమే. అయినను ఈ యపోహవలన మనము గోల్పోవుచున్నది స్వల్పము గాదు. గట్టివాన కురిసిన ప్రతిసారియు దాని వెలను మన పట్టణములు చెల్లించుచునే యున్నవి.

ఈ విద్యకు తెలుగున స్థిరపడిన పేరింకను లేదు. భూదృశ్య వాస్తువని యనువారున్నారు. వాస్తువనగానే మనవారి చూపు ఈశాన్యపు మూలకును వంటయింటి గుమ్మమునకును పోవుట యలవాటు గావున ఆ పేరు మాకంతగా రుచింపలేదు. ప్రస్తుతమునకు భూదృశ్యవిద్య యని వ్యవహరింతము. పేరెట్లున్నను విషయమిది: కట్టడమునకు వెలుపలనున్న నేల, ఆ నేలపై బడిన నీరు, ఆ నీటిని బట్టి పెరుగు చెట్టుచేమలు, వాని నడుమ మెలగు మనుష్యులు, ఈ నాలుగింటికిని గల సంబంధమును దెలిసికొని, ఆ నేలకు మనము చేయబోవు మార్పు మేలగునో కీడగునో ముందుగా గణించి, పిమ్మట దానికొక రూపము గల్పించుట. ఇందు తోట యొక భాగము. చాల చిన్న భాగము.

అమెరికాలో ఈ వృత్తికి మూలపురుషుడని చెప్పదగిన ఫ్రెడెరిక్ లా ఓల్మ్‌స్టెడ్ 1858లో కాల్వర్ట్ వాక్సుతో గూడి న్యూయార్కు నగరమునకు సెంట్రల్ పార్కు పథకము వేసెను. 843 ఎకరముల ఆ యుద్యానమును చూచువారు అదియంతయు ప్రకృతిసిద్ధమని భ్రమింతురు. అచ్చటి చెరువులు మనుష్యులు త్రవ్వినవి. బురదనేల యడుగున గొట్టములు పరచి నీటిని దీసివేసిరి. అంతేకాదు, ఆ స్థలముననే యుండిన సెనెకా విలేజి యను నల్లజాతివారి పల్లెను 1857లో ఖాళీ చేయించి పడగొట్టిరి. భూదృశ్యవిద్య నభ్యసించువారు ఈ రెండు సంగతులను గలిపి చదువవలెను. ఒక పటముపై పచ్చరంగు పూయబడినప్పుడు ఆ రంగు క్రింద ఎవరి యిల్లున్నదో విచారింపని శాస్త్రము శాస్త్రము గాదు.

అయితే ఓల్మ్‌స్టెడ్ చేసిన పనులలో మాకు మిక్కిలి బోధకముగ దోచునది సెంట్రల్ పార్కు గాదు. బోస్టను నగరమందలి బ్యాక్ బే ఫెన్సు. అచ్చట మురుగునీరును సముద్రపు పోటునీరును గలసి దుర్వాసన గొట్టుచుండిన బురదనేల యుండెను. వరదనీటికి తావు జూపి, మురుగును వేరుచేసి, ఆ ప్రదేశమునకు ఆరోగ్యము గల్పింపుడని నగరపాలకులు 1878లో ఆయనకు పని యొప్పగించిరి. ఆయన దానిని రాతికట్టుతో కాలువగా బిగింపలేదు. ఉప్పునీటి గడ్డిమొక్కలతో నిండిన వంకరలు దిరిగిన కోనగా దీర్చెను. చూచువారికది వనము, నగరమునకది వరదకాలువ. ఈ యొక్క యుదాహరణమును మన పురపాలక సంఘపు సభ్యులు మనసున నుంచుకొన్నను మాకు జాలును. 1900లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఈ విద్యకు పాఠక్రమ మేర్పడినప్పుడు దానికి నాయకత్వము వహించినవాడు ఓల్మ్‌స్టెడ్ కుమారుడే.

మన దేశమున ఢిల్లీయందలి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చరులో 1972లో ఈ పైపట్టపు చదువు మొదలయ్యెను. అచ్చట చిరకాలము బోధించిన మహమ్మద్ షహీరు హుమాయూను సమాధి తోటల పునరుద్ధరణమునందును, 2018లో ప్రజలకు దెరువబడిన సుందర్ నర్సరీ యుద్యాన నిర్మాణమునందును తన విద్యను జూపి 2015లో గతించెను. తెలుగునాట విజయవాడయందు 2008లో అదే పేరుగల కేంద్రవిద్యాలయము వెలసినది. 2014 నాటి శాసనము దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా జేసినది. అందును ఈ విషయమున రెండేండ్ల పైపట్టము గలదు. కావున చదువు మనయింటి గుమ్మముననే యున్నది. చదువబడుచున్నదేమి, చదివినవారి కేమి పని గలదు, అసలు చదువుటకు తగినవా రెవరు, అనునవియే మన మాలోచింపవలసిన సంగతులు.

ఈ విద్యలో మొదటి పాఠము సమోన్నతరేఖలు. ఒకే యెత్తుననున్న బిందువులను గలుపుచు పటముపై గీసిన గీతలివి. గీతలు దగ్గరగా నున్నచోట నేల నిటారుగా నుండును. ఎడమెడముగా నున్నచోట నీరు నిలిచి నిదానించును. చదువ నేర్చినవానికి ఆ పటము ఒక గ్రంథము. వాన యెచ్చట బడి యెటు పారునో, ఏ పల్లమున జేరునో, ఎవరి గుమ్మము దొక్కునో అందు వ్రాసియే యుండును. విద్యార్థి యొక గీతను కొంచెము జరిపెనా, అచ్చట నేలను త్రవ్వుటయో నింపుటయో చేసినట్లే. త్రవ్విన మట్టి యెంత, దాని నెచ్చట వేయవలెను, నింపినచోట నీటిదారి మూసికొనునా యని లెక్క గట్టవలెను. పరచిన నేలకు నూరడుగులకు ఒకటి రెండడుగుల వాలు లేనిచో నీరు నిలుచును; వాలు మిక్కిలి హెచ్చినచో నీరు మట్టిని గోసికొనిపోవును. ఈ చిన్నలెక్క దెలియకయే మన కాలనీలలో వీథికంటె ఇల్లును, ఇంటికంటె వీథిని పోటీపడి యెత్తు చేయుచున్నాము. ఏటేట రోడ్డుపై రోడ్డు వేసి తలుపుగడపను గుంటలోనికి దించుట మన నగరములం దొక సంప్రదాయమైనది.

తరువాత నీటిలెక్క. ఒక ఎకరము నేలపై 25 మిల్లీమీటర్ల వాన గురిసినచో సుమారు ఒక లక్ష లీటర్ల నీరగును. ఆ యెకరమున చెట్టుచేమయు గుల్లనేలయు నున్నచో అందు చాల భాగ మింకిపోవును. దానినే సిమెంటుతో గప్పినచో పదింట తొమ్మిదిపాళ్లు అప్పటికప్పుడే ప్రక్కవానిమీదికి పోవును. పది యెకరముల తోపును గొట్టి మేడలు గట్టినవాడు తన యావరణలో నీరు నిలువలేదని గర్వించవచ్చును; ఆ నీరు ఎగువ దిగువలు దెలిసినదే గావున దిగువ పేటను వెదకికొని పోయినది. ఇట్టి సంగతిని న్యాయస్థానమున వాదించుట కష్టము గాని పటముపై జూపుట సులభము. చూపగలవారిని తయారుచేయుటయే ఈ చదువు.

నేలల పాఠము వేరు. నల్లరేగడి తడిసినపుడుబ్బి, ఎండినపుడు నెరదీయును. దానిపై బరచిన రాయి పగులును. ఎర్రచల్క నీటిని నిలువనీయదు. ఉప్పునేలలో పెరుగునది వేరు, ఇసుకలంకలో పెరుగునది వేరు. వీని కన్నింటికిని వేరువేరుగా పటములు గీసి, పారదర్శకపు కాగితములపై నొకదానిమీద నొకటి పేర్చి చూచినచో ఎచ్చట గట్టవచ్చునో, ఎచ్చట గట్టరాదో తనంతట తానే తేటపడునని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఇయాన్ మెక్‌హార్గు బోధించెను. 1969లో వెలువడిన ఆయన గ్రంథము ఈ విద్య నభ్యసించువారికి నేటికిని పాఠ్యము. ఆ కాగితముల పని నేడు కంప్యూటరు చేయుచున్నది. ఉపగ్రహములు పంపు చిత్రములు దానికి తోడైనవి. సులువైనది నిజమే. కాని కాలికి బురద యంటకుండ నేలను చదువవచ్చునను భ్రమయు దానితోనే పుట్టినది. తెరపై నీలిరంగుతో గానవచ్చు వాగును ఎండకాలమున పోయి చూడనివాడు దాని వెడల్పును ఎన్నడును సరిగా జెప్పజాలడు.

ఈ పైచదువు ఒక దేశమున నేమి చేయగలదో తెలిసికొనుటకు మన పొరుగుననున్న చైనానుండి యొక వృత్తాంతము జెప్పుదుము. యూ కోంగ్‌జియాన్ అనువాడు జెజియాంగు రాష్ట్రమున నొక పల్లెటి వ్యవసాయ కుటుంబమున 1963లో బుట్టెను. చిన్ననాట ఎనుబోతులను గాచెను. పదేండ్ల ప్రాయమున వరదవచ్చిన యేటిలో బడి, ఒడ్డుననున్న నీటిప్రబ్బచెట్లను రెల్లును బట్టుకొని బ్రతికి బయటపడితినని ఆయన పలుమారులు చెప్పుకొనెను. ఆ యొడ్డు సిమెంటు గోడయై యుండినచో పట్టుకొనుట కేమియు దొరకకపోయెడిది గదా! బీజింగు నగరపు అటవీ విశ్వవిద్యాలయమున ఉద్యానకళ జదివి, పిమ్మట హార్వర్డునకు బోయి 1995లో డాక్టరు పట్టము నందెను. 1997లో స్వదేశమునకు మరలివచ్చి పెకింగు విశ్వవిద్యాలయమున నాచార్యుడై భూదృశ్యవిద్యను పైతరగతులలో నెలకొల్పెను. 1998లో దాను స్థాపించిన సంస్థకు తురెన్ అని పేరిడెను. మట్టిమనిషి యని దానికర్థము.

ఆయన మరలివచ్చునప్పటికి చైనా నగరములు సిమెంటు మోజులో మునిగియుండెను. నదుల కిరుప్రక్కల గోడలు, వేలకొలది యెకరములలో నీటిని మ్రింగు పచ్చికబయళ్లు, రాజవీథులలో విదేశపు పుష్పములు. ఈయన షెన్యాంగు నగరమున నొక వాస్తు విశ్వవిద్యాలయపు ఆవరణను దిద్దు పని చేపట్టి, అందు వరిమళ్లు వేయించెను. విద్యార్థులు తరగతికి బోవునపుడు వరికంకుల నడుమనుండి పోవుదురు. నాటులు కోతలు తామే చేయుదురు. ధనవ్యయము తక్కువ, వాననీటికి నిలువ, అన్నమునకు గింజ, చదువుకొన్నవారికి పొలముపై గౌరవము. విశ్వవిద్యాలయమున పొలమా యని నవ్వినవా రుండిరి. తన స్వస్థలమైన జిన్‌హ్వా పట్టణమున ఏటియొడ్డు కాంక్రీటుగోడను దీసివేయించి, మెట్లుమెట్లుగా గడ్డినేలలు గల్పించి, వరదవచ్చినపుడు మునిగి, తీసినపుడు మరల తేలునట్టి యుద్యానమును నిర్మించెను. నీటితో బోరాడక నీటికి చోటిచ్చుట ఆయన సూత్రము. నగరము స్పంజివలె నీటిని బీల్చి నిలుపుకొనవలెనను భావమును 2013 తరువాత చైనా ప్రభుత్వమే తన విధానముగ జేకొని, 2015లో 16 పట్టణములను పరీక్షార్థ మెన్నుకొనెను.

ఇంతవరకు చదివిన పాఠకుడు ఇది దివ్యౌషధమని తలపకుండుగాక. స్పంజి పథకమునకు విశేషధనము వెచ్చించిన జెంగ్‌జౌ నగరమున 2021 జూలై 20వ తేదీన ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన గురిసి, భూగర్భ రైలులో చిక్కినవారితో సహా అనేకులు ప్రాణములు గోల్పోయిరి. ఆ విద్య వట్టిదని విమర్శకులు వెంటనే కంఠములెత్తిరి. మా దృష్టిలో అది యతివాదము. గంటకు ఎనిమిది అంగుళములు గురిసినపుడు ఏ తోటయు, ఏ గొట్టమును దానిని మోయజాలదు. ఇక పేరుకు స్పంజియని పలక వ్రాసి, పనికి పాతకాలువలకే పూతపూయు గుత్తేదారులు ఏ దేశమున లేరు? శాస్త్రమును ప్రభుత్వ మంగీకరించుట వేరు, దానిని నెమ్మదిగా నేలనేలకు దగినట్లు నడపుట వేరు. యూ కోంగ్‌జియాన్ 2025 సెప్టెంబరు 23వ తేదీన బ్రెజిలు దేశపు పంతనాల్ చిత్తడినేలలలో చిన్నవిమానము గూలి మరణించెను. తన విద్యను విస్తరింపజేసికొనుటకు చివరివరకును నీటినేలల వెంటనే తిరిగినవాడు.

ఈ వృత్తాంతమున మనము గమనింపవలసిన విశేషమొకటి యున్నది. ఆయన విదేశమున నేర్చినది పద్ధతి. ఆ పద్ధతితో జదివినది తన పల్లెలోని చెరువులను, మెట్టుపొలములను, వాగుకట్టలను. మన యువకులు అమెరికాకును ఇంగ్లండునకును పోయి ఇదే పట్టము దెచ్చుకొనుచున్నారు; పోవలదని మేమనము. కాని మన వానవలె నాలుగు మాసములలో సంవత్సరపు నీరంతయు గుమ్మరించి తక్కిన యెనిమిది మాసములు ముఖము చాటువేయు నింగి యచ్చట లేదు. మంచుగురియు సీమల వృక్షముల పట్టిక ననంతపురమున వల్లించిన ప్రయోజనమేమి? వేప, కానుగ, రావి, ఇప్ప, తుమ్మ, నేరేడు మన నేల పరీక్షించి యుత్తీర్ణములని నిర్ణయించిన వృక్షములు. వానిని విడిచి, త్వరగా బెరిగి పచ్చగా గనబడునను లోభముతో మన రహదారుల నడుమ కోనోకార్పసు మొక్కలను బారులుబారులుగా నాటితిమి. ఆరోగ్యమునకు హానికరమను ఫిర్యాదులపై గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నిషేధించెను. నాటుటకు ముందు ఈ విద్య జదివిన యొక్కరిని సలహా యడిగియుండినచో మొక్కల ఖర్చును, పీకివేయు ఖర్చును రెండును మిగిలియుండెడివి.

మన నేలకు తనదైన వ్యాకరణ మొకటి యుండెను. చెరువు, కుంట, వాగు, వంక, అలుగు, తూము, శిఖము, ఆయకట్టు, మెరక, పల్లము, లంక, పోరంబోకు: ఈ మాటలలో నొక్కటియు అలంకారము గాదు. ప్రతిమాటయు నొక నియమము. ఒక చెరువు నిండి అలుగు దూకినచో ఆ నీరు క్రింది చెరువునకు బోవలెను. దారిలో నెవ్వడును ఇల్లు గట్టరాదు. కాకతీయుల కాలమున వెలసిన రామప్ప, పాకాల, లక్నవరము చెరువులు నేటికిని నీరు నిలుపుచున్నవి. చెరువు క్రింద నేమడికెంత తడి యవసరమో ఎరిగి నీరు విడిచెడి నీరుగంటి యొక పట్టము లేని ఆచార్యుడు. ఈ పదజాలమును నేటి పైతరగతి విద్యార్థి ఇంగ్లీషు పాఠ్యపుస్తకమునుండి యెట్లు తెలిసికొనగలడు? అతడు రిటెన్షన్ బేసిననును. ముసలి రైతు కుంటయనును. ఇరువురును ఒకేదానిని గూర్చి మాటలాడుచున్నారని ఇరువురకును దెలియదు.

వ్యాకరణము మరచినందులకు శిక్ష లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదును ముంచినప్పుడు కారణము విచారించుటకు రప్పింపబడిన విశ్వేశ్వరయ్యగారు మొదట జూచినది నగరమును గాదు, నగరమున కెగువనున్న పరీవాహక ప్రదేశమును. అందు 788 చెరువులున్నవనియు, వానిలో 221 తెగినవనియు ఆయన లెక్క దీసెను. ఒకటి తెగి క్రిందిదానిని, అది దాని క్రిందిదానిని ద్రెంచుకొని వచ్చెను. ఆ విచారణ ఫలముగా ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను నిండు రూపమునకు వచ్చినవి. భూదృశ్యమను పేరు చెప్పకయే ఆయన చేసినది భూదృశ్య పరిశోధనమే. దానికి మించిన పాఠము మాకు దెలియదు. అదే నగరమున మాసాహెబా చెరువు పేరుగల పేట నేడు మాసబ్ ట్యాంకని పిలువబడుచున్నది. ట్యాంకు లేదు. పేరుమాత్రము బస్సుపలకపై నున్నది. తెలంగాణమునకు వాస్తువిద్య, లలితకళల విశ్వవిద్యాలయ మున్నదియు ఆ పేటయందే యనుట విద్యార్థులు రోజును దాటిపోవుచున్న పాఠము.

ఇక బుడమేరు. మైలవరపు కొండలలో బుట్టి కొల్లేటికి బోవు ఈ వాగునకు విజయవాడ దుఃఖదాయని యను పేరు నేడు వచ్చినది గాదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు దాని మళ్లింపుకాలువ గట్లు తెగి, అజిత్‌సింగు నగరము మొదలగు పేటలు దినములతరబడి నీటిలో నుండెను. జనులు మిద్దెలపై కూర్చుండి పాలపొట్లములకును మంచినీళ్లకును ఎదురుచూచిరి. అంతకు ముందటి మాపటివరకు ఆ పేటలలో స్థలము కొన్నవానికి తాను వాగు పడకపై నిలిచియున్నానని చెప్పినవా డెవడు? పత్రము వ్రాసిన కార్యాలయము చెప్పలేదు, అనుమతి యిచ్చిన కార్యాలయము చెప్పలేదు, అమ్మినవాడు చెప్పునా? ఆ నగరముననే భూదృశ్యమున పైపట్టము నిచ్చు జాతీయసంస్థ యున్నది. ఆ సంస్థ నాక్షేపించుట మా యుద్దేశము గాదు; ఇట్టి యొక విద్యను ఇంతకాలము ప్రజలును పాలకులును పిలిచి పని యడుగకపోవుటయే మా యాక్షేపము.

పని యడుగకపోవుటకు ఫల మేమన, పట్టభద్రుడు తన్ను బిలిచినవారి యొద్దకే పోవును. బిలుచువారు విల్లాల వ్యాపారులు, విహారగృహముల యజమానులు. అందుచే సమోన్నతరేఖలు నేర్చినవాడు ఈతకొలను ప్రక్కన రాళ్లు పేర్చుచు, నీటిలెక్క నేర్చినవాడు పచ్చికకు బోరునీరు చిమ్ము గొట్టములు లెక్కించుచు నున్నాడు. వారిని నిందింప మనసొప్పదు. కడుపునకు వృత్తి కావలెను గదా. 1972 నాటి శాసనము వాస్తుశిల్పులకు నమోదును, వృత్తిరక్షణమును గల్పించినది. భూదృశ్యవృత్తి కట్టి ప్రత్యేకశాసనము నేటికిని లేదు. జాతీయ కట్టడముల నియమావళిలో ఈ విషయమున కొక భాగము కేటాయింపబడినది. పుస్తకమున జోటున్నది, కొలువున లేదు. పురపాలక సంఘములలో తోటల శాఖ యున్నది, కాలువల శాఖ యున్నది, అనుమతుల శాఖ యున్నది. కాలువవారు నీటిని దోలివేయజూతురు, తోటలవారు నీటికొరకు ట్యాంకర్లు దెప్పింతురు. ఒకే భవనమున రెండు గదులు. నడుమ తలుపు దెరచుటకే ఈ విద్య జదివిన అధికారి యొకడు ప్రతి నగరమునను ఉండవలెనని మా వాదము. లేఅవుటు పటముపై అతని సంతకము లేనిదే అనుమతి యీయరాదు.

అధికారి కొలువు గల్పించిన మాత్రమున జాలదు. చదువు ద్వారమే యిరుకుగా నున్నది. మన విద్యాలయములలో చాలచోట్ల ఈ పైపట్టమునకు వాస్తువిద్యలో తొలిపట్టము తప్పనిసరి. వ్యవసాయ కళాశాలలో నేలలు జదివినవాడు, వృక్షశాస్త్రము జదివిన యువతి, భూగర్భశాస్త్రమును, జలశాస్త్రమును నభ్యసించినవారు గుమ్మమునొద్దనే నిలువవలసివచ్చుచున్నది. హార్వర్డులో తొలిపట్టము మరియొక విషయమున నున్నవారికిని ఈ విద్య నేర్చుటకు మూడేండ్ల క్రమ మొకటి గలదు. ఆ యధికమైన కాలమున గీత గీయుట, పటము వేయుట మొదటినుండి నేర్పుదురు. యూ కోంగ్‌జియానును వాస్తువిద్య తొలిపట్టముతో వచ్చినవాడు గాడు, అటవీ విశ్వవిద్యాలయమున ఉద్యానకళ జదివినవాడు. మన నియమమును అక్షరాల నమలు జరిపినచో ఆయనకు మన విద్యాలయములలో అనేకముల యందు విద్యార్థిగా బ్రవేశము దొరకదు! గీతలు నేర్పుటకు ఒక యేడు చాలును. మట్టిని జేతబట్టి దాని గుణము చెప్పగల నైపుణ్యము అంత త్వరగా రాదు. ఆ నైపుణ్యముతో వచ్చినవానిని వెడలగొట్టుట తెలివిగల పనియని మాకు దోపదు.

వాస్తుపట్టము లేనివారిని జేర్చికొన్నచో ప్రమాణములు తగ్గునని కొందరు పెద్దలు భయపడుదురు. ఆ భయము పూర్తిగా నిరాధారము గాదు. వంతెనయొక్క బరువు, గోడయొక్క బలము తెలియనివాడు నేలను దిద్దబూనిన ప్రమాదమే. అందుకే మూడేండ్ల క్రమము, అందుకే ప్రవేశపరీక్ష. ఇరువది మంది తరగతిలో పన్నెండుగురు వాస్తువిద్యనుండియు, తక్కినవారు వ్యవసాయము, వృక్షశాస్త్రము, ఇంజనీరింగులనుండియు వచ్చినచో ఒకరికొకరు గురువు లగుదురు. ఆ తరగతిగదిలో రేగడియని యొకడన్నచో మరియొకడు దానిని పటముపై గీయును.

విద్యాలయము చేయగల పని యొకటి ప్రభుత్వపు టుత్తరువు లేకయే మొదలు పెట్టవచ్చును. చివరి యర్ధసంవత్సరమున ప్రతివిద్యార్థియు ఒక సిద్ధాంతవ్యాసము వ్రాయవలసి యుండును. ఈ వ్యాసములు ఆంగ్లమున బుట్టి, బీరువాలో నిదురించుట విద్యాలయములకు సామాన్యపు టలవాటు. దానికి బదులు ఒక తరగతివారందరును కలసి, ఒక్కొక్కరు నాలుగైదు మైళ్లు పంచుకొని, వెలగలేరు రెగ్యులేటరునుండి కొల్లేటివరకు బుడమేరు వెంట నడువవలెను. కొలత పరికరముతో ఎత్తుపల్లములు గుర్తింపవలెను. పాతపటములలో వాగున కెంత వెడల్పున్నదో, నేడెంత మిగిలినదో ప్రక్కప్రక్కన వేయవలెను. ఎచ్చట చిత్తడినేల మిగిలియున్నదో, ఎచ్చట కొన్ని యెకరములు విడిచిపెట్టినచో నీరు నిలుచునో, అందులకు ఎన్ని యిండ్లు కదలవలసి వచ్చునో, ఆ యిండ్లవారికి ఎచ్చట చోటు చూపవచ్చునో దాపరికము లేక వ్రాయవలెను. సెనెకా విలేజి కథ చదివినవారు ఈ కడపటి ప్రశ్నను విడువరాదు.

ఆ పటములను పరీక్షించు సభ విద్యాలయపు చల్లని గదిలో గాక సింగునగరపు పాఠశాల మైదానమున, నీటిలో దినములు గడపినవారి యెదుట, తెలుగున జరుగవలెను. బయటి పరీక్షకులుగా వచ్చు ఆచార్యులతోపాటు కార్పొరేషను ఇంజనీరును, కాలువల శాఖవారిని, ఎగువ గ్రామములనుండి ఇద్దరు వృద్ధరైతులను బెంచీలపై గూర్చుండబెట్టవలెను. పటమునందలి నీలిగీత తమ వీథిమీదుగా బోవుచున్నదేల యని ఒక యిల్లాలు అడిగినచో విద్యార్థి ఆమెకు దెలియు మాటలలో సమాధానము చెప్పవలెను. చెప్పలేనిచో ఆ పాళ్లకు మార్కులు తగ్గింపవలెను. పటములన్నియు ఒక సంపుటముగా నచ్చువేసి, ఒక ప్రతి నగరపాలక సంఘమునకును, ఒకటి ప్రతి వార్డు కార్యాలయమునకును, ఒకటి మన పఠనమందిరములకును పంపినచో స్థలము కొనబోవువాడు ధర యడుగుటకు ముందు ఆ సంపుటమును దిరుగవేయును. వేసవిలో వాగు ఎండియున్నప్పుడే నడక సులభము.